పన్నెండు వందల కళ్ళకు పొర

వరంగల్ కాశిబుగ్గలో మాట నడిచే తీరు వేరు. లక్ష్మీనర్సమ్మ అరుగు మీద నూలు కండెలు చుట్టుకుంటూ ఒక మాటంటుంది. ఇస్త్రీ సారయ్య చెవిలో అది పడుతుంది. ఎవరి గురించి అన్నదో వాళ్ళకే మర్నాడు ఇస్త్రీ బట్టలతో పాటు మడత నలగకుండా అందుతుంది.

శుక్రవారం పొద్దున కొమురెల్లికి అట్లాగే అందింది.

"అన్నా, ఇది నా మాట కాదు. లక్ష్మీనర్సమ్మ అవ్వ అన్నది," చొక్కాలు చేతికివ్వకుండా సంకలోనే పెట్టుకుని మొదలుపెట్టాడు సారయ్య. "పత్తి ఖరీదుదారునంటడు, రోజూ ఎనుమాముల మార్కెట్‌కు పోతున్ననంటడు, పొద్దుమీకి వస్తే చొక్కా మీద ఒక్క పోగన్న ఉండదాయె అన్నది. పత్తి పట్టినోడు నెత్తి మీద మంచు పడ్డట్టు వస్తడు గని, గీయన కడిగిన ముత్యం లెక్క పోయి కడిగిన ముత్యం లెక్కనే వస్తాండు అన్నది. అయితే దొంగ, లేకుంటే దొంగల దోస్తు అన్నది."

"మరి నువ్వేమన్నవ్?"

"కాలరు మాసినోడు కాదు, మంచోడే అయితడన్న. అవ్వ నవ్వింది."

కొమురెల్లి కూడా నవ్వాడు. నవ్వుతూనే లెక్క వేసుకున్నాడు. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. మూడు పాస్‌పోర్టులు, మూడు పేర్లు. దుబాయ్‌లో అత్తరు బేరగాడిగా, కొలంబోలో పాస్టరుగా నెలలు నెట్టుకొచ్చిన మనిషి. ఎక్కడా ఎవడూ వేలెత్తి చూపలేదు. పదిహేను రోజులకే కాశిబుగ్గ అవ్వ పట్టేసింది. అదీ ఎవరిని? ఎనుమాముల యార్డులో ముప్పై ఏళ్ళు కాంటా పట్టిన దడ్వాయి కట్టయ్య కొడుకును. నాయిన బతికుంటే చెంప వాయించేవాడు.

సారయ్య పోగానే తలగడ కుట్టు విప్పాడు. చారెడు దూది లాగి భుజాల మీదా జేబు అంచునా అంటించుకున్నాడు. బయటికి వస్తుంటే, అతనికి గది అద్దెకిచ్చిన లక్ష్మీనర్సమ్మ ఎదురింటి అరుగు మీద తలెత్తింది. అతని చొక్కాను పైనుంచి కిందికి ఒకసారి చూసింది.  కండె తిప్పుతున్న చెయ్యి ఆగింది.

ఆమె వెనక, గుమ్మం మీద, ఒక ఫొటో. యూనిఫాంలో కొడుకు వినయ్. వెనక మంచు కొండ, కింద బెటాలియన్ నంబరు.

*

సుబేదారిలో ఆ మేడ మీది బోర్డు ‘నూలు నాణ్యత పరిశీలన ఉపకేంద్రం’ అంటుంది. నూలు పట్టుకుని అక్కడికి ఎవరూ రాలేదు ఇంతవరకు. గుమ్మం దగ్గర అటెండరు కొమురెల్లిని ఎన్నడూ చూడనట్టు చూశాడు.

"ఈసారి పత్తిలో తేమెంత?"

"ఎనిమిది దాటితే ఖరీదు లేదు."

తలుపు తెరుచుకుంది.

చీఫ్ కిషన్ రావు తలెత్తలేదు. ముందున్న ఫైళ్ళ మీద పచ్చ సిరాతో సంతకాలు పెట్టుకుంటూ పోతున్నాడు. మనసు మాట మీద ఉంది, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. బల్ల మీద మూడు రైఫిల్ స్కోపులు వరసగా ఉన్నాయి. తుపాకీ మీద బిగించి గురి చూసే దుర్భిణులు. మూడింటి మీదా మూడు పేర్లు.

"ఒకటి ఎనిమిది వేలు. ఒకటి నలభై వేలు. మూడోది లక్షకు దగ్గర. ఏది మంచిది?"

కొమురెల్లి వాటిలోంచి చూడలేదు. తిరగేసి చూశాడు. స్క్రూల దగ్గర గోటితో తడిమాడు.

"పేర్లు మూడు గని తల్లి ఒక్కతే సార్. ముగ్గురికీ పుట్టుమచ్చ ఒక్క కాడనే ఉన్నది."

"త్రినేత్ర ప్రెసిషన్. మన ఊరి శివారులోనే. ఆరు బ్రాండ్లు అక్కడే పుడతాయి. అదే యంత్రం, అదే చెయ్యి. తేడా అంతా కాగితంలో ఉంటుంది. అద్దం ఏ రకం, పూత ఎన్ని పొరలు, నూటికి ఎన్ని పరీక్షించాలి, పరీక్షలో పోయినవి చెత్తబుట్టకా, చవక బ్రాండు డబ్బాలోకా... స్పెసిఫికేషన్‌లో ఏది రాసిస్తే అదే తయారవుతుంది."

"కాశిబుగ్గ దుప్పటి లెక్క. మగ్గం అదే, నేసే మనిషి అదే. అంగుళానికి ఎన్ని పోగులని షావుకారి రాసిస్తడో అసుంటిదే దిగుతది."

"ఊఁ. ఇప్పుడు విను. మంచు కొండల్లో ఉన్న బెటాలియన్‌కు పన్నెండు వందల స్కోపులు ఇవాళ లోడ్ అవుతున్నాయి. ముందుగా పంపిన వాటిల్లో రెండు చలికి తెల్లబడ్డాయి. చూసిన జవానుకు పాలు పోసినట్టు కనబడిందట. అవతలివాడికి వీడు బాగానే కనబడ్డాడు. దవాఖానలో ఉన్నాడు." కిషన్ రావు పేజీ తిప్పి సంతకం పెట్టాడు. "నిన్న ఒక విదేశీ ముఠా మెసేజ్ దొరికింది. ‘పన్నెండు వందల కళ్ళకు పొర పెట్టాం. శుక్రవారం నాలుగింటికి బయలుదేరతాయి.’ అంతే."

బెటాలియన్ నంబరు చూశాడు కొమురెల్లి. పొద్దున గుమ్మం మీద చూసిన నంబరే. వినయ్ అనే పిల్లగాడు ఆ పొరలోంచి చూసే రోజు వారంలో రాబోతోంది.

"లారీ ఆపేస్తే పోలె?"

"కంపెనీ కోర్టుకు పోతుంది. రుజువు కావాలి. నాలుగులోపు."

"కాగితాలల్ల ఏమన్న మార్చిన్రా సార్?"

"అన్నీ నా టేబుల్ మీదుగా పోయినవే. కాగితం గురించి ఫికర్ వద్దు. తప్పు మనిషిలో ఉంది. మనిషిని పట్టు." మళ్ళీ పచ్చ సిరా. "ఇంకో మాట. వాళ్ళ ముఠాలో మన మనిషి ఒకరున్నారు. ఎవరో నాకూ తెలియదు. పత్తి మాట చెబుతారు."

చీఫ్‌కే తెలియని మనిషిని నమ్మి పోవాలి. కొమురెల్లికి అది మింగుడుపడలేదు. అయినా మింగాడు.

*

బస్టాండు మరుగుదొడ్డిలోకి దూది చొక్కాతో పోయినవాడు టై, కళ్ళద్దాలు, గుబురు మీసంతో బయటికొచ్చాడు. చొక్కా గుండీలో కెమెరా. జేబు పెన్నులో భూతద్దం. చేతిలో థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్టర్ కార్డు. ఆటో ఎక్కుతూ వెనక్కి చూసుకోవడం అతని అలవాటు. చూసుకున్నాడు కూడా. కానీ అతను వెతికింది నల్లకోట్ల కోసం. నేత చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మంచినీళ్ళ కుళాయి పక్కన నిలబడ్డ ముసలావిడను అతని కన్ను లెక్కలోకి తీసుకోలేదు.

త్రినేత్రలో క్వాలిటీ మేనేజరు శశాంక్ ఎదురొచ్చాడు. నున్నటి మాట, అంతకన్నా నున్నటి తల.

"వెల్కమ్ సార్. ముందు సమోసా తినండి."

"ముందు సరుకు."

శశాంక్ పై వరస డబ్బాలు దించమన్నాడు. కొమురెల్లి కింది వరస అడిగాడు. బోరెం బస్తాలో పైపత్తి చూసి ధర చెప్పేవాణ్ణి ఎనుమాములలో పిల్లకాయలు కూడా ఖరీదుదారు అనరు. శశాంక్ నవ్వు ఒక అంగుళం తగ్గింది గానీ, దించాడు.

"స్పెసిఫికేషన్ ఇదిగో సార్, రివిజన్ డి. మీ వాళ్ళు ఆమోదించిందే. ఒరిజినల్ సాంపిల్ ఆ గాజు పెట్టెలో ఉంది. ఆగస్టు తొమ్మిదిన లక్కసీలు వేశాం. ఇంతవరకు ఎవరూ ముట్టలేదు. ప్రతి స్కోపూ దాని కవల పిల్లే."

కొమురెల్లి కాగితం మొదటి పేజీ చూశాడు. ముద్రలు సరిగానే ఉన్నాయి. కాగితం గురించి ఫికర్ వద్దని చీఫ్ చెప్పనే చెప్పాడు. పక్కన పెట్టాడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. నెమలికంఠం రంగు చీర, నల్ల కళ్ళద్దాలు, గదిలోకి మనిషికన్నా ముందు వచ్చిన సెంటు. ఆమె వెనక ఎర్రటి మెడ ఉన్న తెల్లాయన.

"పద్మలత. సోర్సింగ్ కన్సల్టెంట్. వీరు మిస్టర్ హాల్డెన్, నాలుగు బ్రాండ్లకు యజమాని," అంది ఆమె. కళ్ళద్దాలు తీసి కొమురెల్లి మీసం వంక అవసరమైనదానికన్నా ఎక్కువసేపు చూసింది. "ఇన్‌స్పెక్టర్ గారిది ఏ ఊరు?"

"ఢిల్లీ."

"మీసం మాత్రం లోకల్‌ది లాగుంది."

హాల్డెన్ నవ్వాడు. కొమురెల్లికి నవ్వు రాలేదు. ఈమె ముఠా మనిషి అనడానికి సెంటు వాసనే సాక్ష్యంలా తోచింది. లేకపోతే అట్లా తోచాలనే పూసుకున్నదా?

అందరి ముందే సీలు పగిలింది. ఒరిజినల్‌ను లారీకెక్కబోయే లాట్ స్కోపులతో పోల్చాడు. తూకం అదే, అద్దం మెరుపు అదే. గురి సర్దే నాబ్ టిక్కు టిక్కుమనే లెక్కా అదే. గోడ మీది అక్షరం అన్నిట్లోనూ ఒక్క తీరుగానే కనబడింది. అన్నీ సరిపోయాయి. అంగట్లో అన్నీ సరిపోయిన నాడే కాంటా కింద చెయ్యి పెట్టి చూడాలనేవాడు నాయిన.

పెన్నులోని భూతద్దం తీసి ఒరిజినల్ నాబ్ మీద పెట్టాడు. వేలికి జారకుండా దాని చుట్టూ సన్నటి గరుకు గీతలుంటాయి. ఆ గీతల అడుగున ఏదో పచ్చగా ఉంది. గోటికొనతో గీకాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

పసుపు.

ఎవరికీ ఏమీ చెప్పకుండా ఒరిజినల్‌ను బ్యాగులో వేసుకుని, అసెంబ్లీ లైన్ చూస్తానని లేచాడు. లైన్‌లో మొదటి బల్ల దగ్గర తెల్ల టోపీ పెట్టుకున్న ఒకావిడ స్కోపు గొట్టానికి రబ్బరు రింగు తొడుగుతోంది. బ్యాడ్జి మీద సరస్వతి అని ఉంది.

"సరస్వతమ్మా, స్కోపు మీద పసుపేంది?"

"దసరాకు పెట్టినం సార్. మిషిన్లకు, స్క్రూడ్రైవర్లకు, బల్ల మీదున్న సరుకుకు గూడ. మా శశాంక్ సారే తాంబాలం పట్టుకొని తిరిగిండు. తెల్లారి తుడిచినం గని, గీతలల్లది పోలె."

"గాజు పెట్టెల ఉన్నదానికి గూడ పెట్టిన్రా?"

సరస్వతి అతని వంక జాలిగా చూసింది. "దానికి సీలున్నది గదా సార్. సీలిప్పి బొట్టు ఎవరు పెడ్తరు?"

ఆగస్టులో సీలు పడ్డ పెట్టెలోకి అక్టోబరు పసుపు ఎట్లా పోయింది? పోలేదు. ఎవరో సీలు విప్పి మళ్ళీ వేశారు. అసలు సాంపిల్ బయటికి పోయి, దాని జాగాలోకి లైన్ మీది కొత్త సరుకు వచ్చి కూర్చుంది. చెడ్డదాన్ని చెడ్డదానితోనే పోలిస్తే ఎప్పుడు చూసినా కవల పిల్లలే.

"లోపల ఏమన్న మార్చిన్రా అమ్మా?"

"మేమేం మార్చలే సార్. కాగితంల ఉన్నదే చేస్తం," అంది సరస్వతి. ఇంకేదో అనబోయింది. శశాంక్ బూట్ల చప్పుడు వినబడి తల దించుకుంది.

*

రెండున్నర. క్యాంటీన్‌లో పాల ప్యాకెట్లు పెట్టే ఫ్రీజర్ ఉంది. మంచు కొండ వరంగల్‌కు రాదు కాబట్టి కొమురెల్లి పెరుగు డబ్బాల మధ్య ఒక లాట్ స్కోపును దూర్చాడు. చాయ్ తాగుతూ కూర్చున్నాడు. కిటికీలోంచి లారీలోకి డబ్బాలు ఎక్కుతుండటం కనబడుతోంది.

మూడుంబావుకు తీసి చూశాడు. తెల్లగా ఉంది. బయటి అద్దం తుడిచాడు. పోలేదు. పొర లోపల ఉంది.

"ఐస్‌క్రీం కావాలంటే చెప్పకపోయారా సార్?"

వెనక శశాంక్. చేతిలో చిన్న పిస్టల్. అతని పక్కన పద్మలత, లిప్‌స్టిక్ మూత తీస్తూ.

"ఇతనికి పసుపు కనబడిందట," అన్నాడు శశాంక్ ఆమెతో. గొంతులో భయం కన్నా చిరాకు ఎక్కువుంది. "సరస్వతిని అడుగుతుంటే విన్నాను. నా తప్పే. పెట్టెలోకి మార్చబోయే ఆ ఒక్కదానికి బొట్టు పెట్టకుండా దాటుదామనుకున్న. చెయ్యి ఊకోలే. ఏడాదికొక్క పండుగాయె."

పద్మలత నిదానంగా కొమురెల్లి ముందుకొచ్చింది. "ఇన్‌స్పెక్టర్ గారు పత్తి మనిషిలా ఉన్నారు. ఈసారి పత్తిలో తేమెంత?"

కొమురెల్లి ఆమె కళ్ళలోకి చూశాడు. ముఠాకు మాట అందిపోయి ఉంటే? జవాబు చెబితే గుండు తగలొచ్చు. చెప్పకపోతే తప్పక తగులుతుంది.

"ఎనిమిది దాటితే ఖరీదు లేదు."

లిప్‌స్టిక్ వెనక్కి తిరిగింది. సన్నటి పొగ శశాంక్ కళ్ళలో కొట్టింది. పిస్టల్ కింద పడింది, దాని వెంటే శశాంక్. కొమురెల్లి టై విప్పి అతని చేతులు వెనక్కి విరిచి కట్టాడు.

"ఇంత వాసన ఎందుకు పూసుకున్నవ్?"

"నువ్వు నన్ను అనుమానించాలె గదా. నువ్వు అనుమానిస్తేనే వాళ్ళు నమ్ముతరు," అంటూ ఆమె హ్యాండ్‌బ్యాగు తెరిచింది. గుడ్డలో చుట్టిన స్కోపు. "అసలుది. వడ్డేపల్లి చెరువుల వెయ్యమని పొద్దుగాల ఈ శశాంకే నాకిచ్చిండు. గీతలల్ల పసుపు లేదు, చూసుకో."

దాన్ని ఫ్రీజర్‌లో పెట్టారు. అరగంట. ఇద్దరికీ జీవితంలో ఇంత పొడుగు అరగంట లేదు. మూడూ యాభైకి తీసి చూస్తే ఎదురుగోడ మీది ధరల పట్టిక అక్షరం అక్షరం కనబడింది. కొమురెల్లి గుండీ కెమెరాను రెండింటి మీదా తిప్పాడు.

అప్పుడే ఇంజను మోగింది.

శశాంక్ తిరిగి రాకపోయేసరికి హాల్డెన్‌కు వాసన తగిలినట్టుంది. తనే డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడు. గేటు తెరుచుకుంటోంది. కొమురెల్లి పరిగెత్తాడు. నలభై ఏడేళ్ళ మోకాళ్ళు, కొత్త బూట్లు. లారీ ముందు చక్రాలు గేటు గీత దాటాయి. రోడ్డెక్కితే కాజీపేట గూడ్స్ షెడ్డుకు ఇరవై నిమిషాలు. ఇక అందదు.

ఒక ఆటో ఎదురొచ్చి గేటుకు అడ్డంగా ఆగింది.

లారీ కీచుమని నిలబడింది. ఆటోలోంచి ముందు ఒక కానిస్టేబుల్, వెనక సారయ్య, ఆ వెనక లక్ష్మీనర్సమ్మ దిగారు. ఆమె లారీని లెక్కచెయ్యలేదు. ఆయాసపడుతూ వచ్చిన కొమురెల్లి వైపు వేలు చూపించింది.

"గీడే సార్. పొద్దుగాల చొక్కాకు పరుపు దూది అంటించుకొని ఎల్లిండు. పత్తిల ఆకుతుంట ఉండదా, గింజ నలుసు ఉండదా? నా జీవితమంత నూలుతోని పోయింది, నాకు తెల్వదా? బస్టాండుల మీసం పెట్టుకొని త్రినేత్రకని ఆటో ఎక్కిండు. ముందు అది పీకున్రి."

కానిస్టేబుల్ వెనకాడాడు. ఆమె వెనకాడలేదు. మీసం ఆమె చేతికొచ్చింది.

హాల్డెన్ అవతలి తలుపు తీసి దూకాడు. పద్మలత కాలు అడ్డం పెట్టింది. కొమురెల్లి కానిస్టేబుల్ చెవిలో రెండు ముక్కలు చెప్పి అసలు కార్డు చూపించాడు. సెల్యూట్ కొట్టడమా, అరెస్ట్ చెయ్యడమా తేలక, ఆయన పోయి హాల్డెన్‌ను పట్టుకున్నాడు.

గడియారం మూడూ యాభై తొమ్మిది.

లక్ష్మీనర్సమ్మకు ఒక్క మాట చెప్పాలనిపించింది కొమురెల్లికి. అవ్వా, నీ ఆటో ఆపింది దొంగను కాదు, నీ కొడుకు కంటికి పడబోయిన పొరను అని. చెప్పడానికి రూలు లేదు.

"ఈ నెలాఖరుకు గది ఖాళీ చెయ్యి," అందామె, మీసం అతని చేతిలో పెడుతూ.

*

సోమవారం సుబేదారిలో విచారణ. గాజు పెట్టె బల్ల మీద ఉంది. ఢిల్లీ నుంచి వచ్చిన ఇద్దరు అధికారులు ఒకవైపు, కొమురెల్లి, పద్మలత మరోవైపు. మధ్య కుర్చీలో కిషన్ రావు. పన్నెండు వందల స్కోపులూ వెనక్కి వచ్చాయి, విప్పి మళ్ళీ బిగిస్తున్నారు. శశాంక్ సాంపిల్ మార్చినట్టు ఒప్పుకున్నాడు, హాల్డెన్ లాయరు కావాలన్నాడు. మిగిలింది ఒక్క సాక్షి.

సరస్వతి టోపీ లేకుండా వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"లోపలి గాలి లాగేసి పొడి నైట్రోజన్ నింపాకనే మూత బిగించాలి. నింపకపోతే గాలిలో తేమ ఉండిపోతుంది, చలికి అదే పొరవుతుంది," అన్నాడు కిషన్ రావు. "నీకు తెలియదా?"

"ఎందుకు తెల్వదు సార్? ఏడేండ్ల సంది చేస్తాన్న."

"మరి రెండు నెలలుగా నింపకుండా ఎట్లా బిగించావు? అక్కడ పిల్లలు చావుబతుకుల్లో ఉంటారని అనిపించలేదా? ఒక్క మాట పైకి ఎందుకు చెప్పలేదు?"

సరస్వతి కొంగు ముడి విప్పింది. నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. లైన్ దగ్గర గోడకు అంటించే జిరాక్సు. రివిజన్ డి, ఏడో పేజీ. కొమురెల్లి పక్కన పెట్టేసిన పేజీ. నైట్రోజన్ నింపాలన్న వాక్యం ఉండాల్సిన చోట ఒక గీత. దాని కింద ఒక సూచన. ఆ కింద ఇంకేదో ఉంది, రంగు జిరాక్సు కాబట్టి రంగు కూడా దిగింది. కిషన్ రావు చేతిలోని పెన్ను ఆగింది.

"శశాంక్ సారుకు చెప్పిన సార్. కాగితంల లేనిది చెయ్యొద్దని కాగితం మీదనే రాసున్నదన్నరు. చదివి చూసుకోన్రి. కింద పచ్చ సిరా సంతకం మీదే."